ఎర్త్ గుంత అడిగిన నీళ్లు: ఓ యూపీఎస్ ఆత్మకథ

కర్నూలు పాతబస్తీలో ఓ రక్తపరీక్షల ల్యాబ్. వెనక గదిలో నడుమెత్తు అరుగు, దాని మీద నల్లటి కడప బండ, ఆ బండ మీద రెండు కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్. పక్కన ర్యాక్‌లో ఎనిమిది బ్యాటరీలు. కథ చెప్పమంటే ఆ పెట్టె ఫ్యాక్టరీ నుంచి మొదలుపెట్టదు. తాను రెండుసార్లు పుట్టానంటుంది: మొదట కడపలో, తర్వాత కర్నూల్లో.

కడప పుట్టుక ఆత్రంలో జరిగింది. మే నెల, మిట్టమధ్యాహ్నం, రేకుల కప్పు కింద జిరాక్స్ షాపు. ఆటోలోంచి దించిన పెట్టెను గోడకు ఆనించి వైర్లు తగిలించేశారు. కంప్యూటర్లు, లేజర్ ప్రింటర్ అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. బ్యాటరీ చివరి వైరు తాకగానే ఠప్పుమని నిప్పురవ్వ లేచింది. లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉన్నాయి మరి; బ్యాటరీ తగలగానే ఒక్క గుక్కలో కరెంటు లాగేశాయి. ముందు మెయిన్స్ ఇచ్చి ఉంటే పెట్టెలోని రెక్టిఫయరే వాటిని మెల్లగా నింపేది.

ఒక్కో బ్యాటరీ పన్నెండు వోల్టులు; వరుసగా కలిపితే ఎనిమిది పన్నెండ్లు తొంభై ఆరు. ఇంటి 230కి భయపడేవాళ్లు ఈ తొంభై ఆరును తేలిగ్గా తీసుకుంటారు. అదే ప్రమాదం. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి రవ్వ తెగిపోయే వీలుంది. బ్యాటరీ కరెంటు ఎప్పుడూ దిగదు. రవ్వ నిలిచిందంటే మండుతూనే ఉంటుంది.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ సమయంలో అక్కడ బ్యాటరీలు మార్చే పని నడుస్తోందని పత్రికలు రాశాయి. బ్యాటరీల ప్రమాదం గురించి మాట్లాడేటప్పుడు ఆ రాత్రిని తలచుకోకుండా ఉండలేనంటుంది ఆ పెట్టె.

ఇక ఎండ. ఈ బ్యాటరీలకు 25 డిగ్రీలు హాయి. ఆపైన పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమైపోతుంది. రేకుల కింద రెండు వేసవులకే అవి ఉబ్బిపోయాయి. షాపు ఎత్తేశారు, పెట్టె సెకండ్ హ్యాండ్‌లో కర్నూలు చేరింది.

ల్యాబ్‌లో కొత్త బ్యాటరీలు దిగాయి. టెక్నీషియన్ పెద్దాయన చేతిసంచి దించాడో లేదో, కౌంటర్ అమ్మాయి తొందరపెట్టింది.

"అన్నా, స్విచ్ వేద్దామా? పేషంట్లు కాచుకోనుండారు."

"ఉండమ్మా. ఎర్త్ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది?"

ఆమె దగ్గర జవాబు లేదు. పెరట్లో గుంత మూత తీస్తే నల్లరేగడి వేలు పట్టేంత పగిలి, ఎర్త్ పైపు చుట్టూ ఖాళీ. మట్టి పైపును వదిలేస్తే పొరపాటున బాడీలోకి వచ్చిన కరెంటుకు భూమిలోకి దారుండదు. అది తాకిన మనిషినే దారి చేసుకుంటుంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు 14 వోల్టులు చూపింది. మూడు లోపు ఉండాలన్నది ఆయన లెక్క. బొగ్గు, ఉప్పు వేసి నాలుగు బిందెలు పోయించాడు. సాయంత్రానికి రెండుకు దిగింది.

అప్పుడు ఉంగరం, గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టాడు. బ్యాటరీల ప్లస్, మైనస్ వరుస మీటరుతో రెండుసార్లు చూశాడు. లోడ్ అంతా ఆఫ్. మొదట మెయిన్స్, ఫ్యాన్ తిరిగింది, డిస్‌ప్లే వెలిగింది. కాసేపు ఆగి బ్యాటరీ బ్రేకర్ వేశాడు. ఈసారి రవ్వ లేదు. తర్వాత ఇన్వర్టర్. మెయిన్స్ తీసి, యూపీఎస్ బ్యాటరీ మీద నిలబడగలదో లేదో చూశాడు. రాత్రంతా ఛార్జింగ్ అయ్యాకే, మర్నాడు పొద్దున ఎనలైజర్, కంప్యూటరు ఒక్కొక్కటిగా కలిపాడు. ఒక్కసారిగా కరెంటు గుంజే ప్రింటర్‌ను యూపీఎస్ జోలికి రానివ్వలేదు.

అరుగు సంగతి మిగిలింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు, ఈ గదిలో నేల మీదున్న పాత ఇన్వర్టర్ నీళ్లపాలైంది. అందుకే యజమాని ఈ పెట్టెకు ఎత్తులో చోటిచ్చాడు.

ఇక గుంతలో పోసే నీళ్ల మాట. బిందెడు నీళ్లకు ట్యాంకరు కోసం చూసే సీమలో, మంచినీళ్లు గుంతలో పోయమని ఎవరూ చెప్పరు. ఆర్‌ఓ మిషన్ వదిలే ఉప్పునీళ్లు చాలు. ఈ వేసవిలో మీ ఎర్త్ గుంత మూత ఒకసారి తీసి చూడండి.