ఒక్క మీటరు తేడా

నేను ముప్పై మీటర్ల కొలత టేపుని. తెల్లటి ఒంటి మీద నల్ల అంకెలు, మీటరుకో ఎర్ర అంకె. నా కొసకుండే ఇనుప కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. దాంతోపాటే మొదటి జానెడు ముక్కా తెగిపోయింది. అందుకని నన్ను పట్టుకునే పిల్లలు సున్నా దగ్గర కాకుండా ఒకటో మీటరు దగ్గర మొదలుపెట్టి, చివర వచ్చిన అంకెలోంచి ఒకటి తీసేస్తారు. తీసేయడం మరిచిపోతే ఏమవుతుందో తెనాలిలో, కాలవగట్టు పక్క సందులో తెలిసింది. నా బతుకులో చెప్పుకోదగ్గ సంగతి అదే.

నేనుండేది ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో. ఐదేళ్ల చదువులో నాలుగో ఏడు వచ్చేసరికి పిల్లల చేత ఇళ్లు కాదు, పేటలు గీయిస్తారు. ఒకప్పుడు కళకళలాడి ఇప్పుడు వెలవెలబోతున్న పేటనొకదాన్ని ఎంచుకోవాలి. అక్కడున్నవాళ్లని లేవగొట్టకుండా, పాత గోడల్ని వీలైనంత వరకు నిలబెట్టి, నీళ్లకీ నీడకీ లోటు రాకుండా దాన్ని మళ్లీ బతికించడం ఎలాగో పటాల్లో చూపించాలి. ఆ ఏడు తెనాలి, బాపట్ల, రేపల్లె వంతుకొచ్చాయి. మూడూ కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్లే. తెనాలి జంక్షన్ నుంచి ఒక లైను బాపట్ల మీదుగా చెన్నై వెళుతుంది, ఇంకొకటి రేపల్లె దాకా వెళ్లి అక్కడితో ఆగిపోతుంది.

మొదట తెనాలి. 2011 లెక్కలకే 1,64,000 పైచిలుకు జనం. ఊళ్లోంచి మూడు కాలవలు పోతాయి. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు నాటకాలవాళ్ల వల్లా సినిమావాళ్ల వల్లా ఎంత వచ్చిందో, ఈ కాలవల వల్లా అంతే వచ్చింది. 1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టాక వచ్చిన డెల్టా కాలవలు పొలాలకి నీళ్లిచ్చాయి, ఊళ్లకి దారులూ అయ్యాయి. ధాన్యం పడవల్లో వెళ్లేది, మనుషులూ పడవల్లోనే వెళ్లేవాళ్లు. లారీలూ బస్సులూ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. మేం కొలిచిన సందులో పాత ఇళ్ల సింహద్వారాలు కాలవవైపే ఉన్నాయి. ఇప్పుడవి పెరటి తలుపులు. రేవు మెట్ల మీద మట్టి పేరుకుపోయింది. వేసవిలో పైన నీళ్లు కట్టేస్తే కాలవలో మిగిలేది మురుగు, దాని మీద గుర్రపుడెక్క. ఊరు కాలవకి వీపు తిప్పిన రోజునే ఆ పేట చిక్కిపోవడం మొదలైందని పిల్లలు తమ నోటుపుస్తకంలో రాసుకున్నారు. వారం రోజులు ఆ గట్టు మీద పరుచుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ మాట నిజం.

కొలవడమంటే గోడ నుంచి గోడకి నన్ను లాగడమొక్కటే కాదు. అరుగు ఎత్తు 45 సెంటీమీటర్లు, అంటే కాళ్లు కిందకి ఆనించి హాయిగా కూర్చునే ఎత్తు. పాత గోడ మందం కూడా ఇంచుమించు అంతే, గానుగ సున్నం, ఇటుక. మే నెల మధ్యాహ్నం ఆ గోడకి నన్ను ఆనించి ఉంచారు, లోపలివైపు చల్లగా ఉంది. చూరు అరుగుని దాటి ఒకటిన్నర అడుగులు ముందుకొచ్చింది. వానలో కూరగాయల బండి ఆ చూరు కిందే ఆగుతుంది. ఇవన్నీ అంకెలుగా నా మీద నుంచి కాగితం మీదకి వెళ్లాయి. సాయంత్రం పిల్లలు ఆ పేట పటం గీసి, కట్టడాలన్నిటికీ నల్లరంగు వేసి ఖాళీలు తెల్లగా వదిలారు. 1748లో నోల్లి అనే ఆయన రోము నగరాన్ని గీసి చూపించిన పద్ధతి ఇది. ఆయన ఇళ్లని నలుపు చేసి, వీధుల్నీ చౌకుల్నీ, గుడి లోపలి చోటుని సైతం తెల్లగానే ఉంచాడు, జనం మసిలే చోటంతా ఒకటేనని. తెనాలి పటంలో ఆ తెలుపు సన్నగా, వంకరగా సందుల వెంట పారి కాలవ దగ్గర ఆగిపోయింది. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలిచ్చిన రణరంగ చౌకు దాకా నడక దారి ఎలా కలపాలన్న ఆలోచన ఆ రాత్రే పుట్టింది.

మరునాడు పొద్దున్నే పొరపాటు జరిగింది. ఒకమ్మాయి ఆ చివర నిలబడి "నాలుగు ఇరవై" అని అరిచింది, ఈ చివర అబ్బాయి 4.20 అని రాసుకున్నాడు. మీటరు తీసేయడం ఇద్దరూ మరిచిపోయారు. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

ఆ కొలత మీద నెల రోజుల పని నిలబడింది. సందులో ఒక పక్క వరసగా వేపచెట్లు, మధ్యలో సైకిళ్లకి బాట, కాలవ మెట్లు తిరిగి తేలి, వాటి పక్కన బల్లలు. తెనాలిలో పాత ఇనుముతో నిలువెత్తు బొమ్మలు చేసే శిల్పులున్నారు కదా, ఆ బల్లలు వాళ్ల చేతే చేయించాలని రాశారు. ఇది నాకు బాగా నచ్చిన ఊహ. సియోల్‌లో ఫ్లైఓవరు తీసేసి 2005లో మళ్లీ పారించిన చొంగ్యేచన్ వాగు బొమ్మలు కూడా అతికించారు. అక్కడ 5.8 కిలోమీటర్ల మేర పారే నీళ్లలో చాలావరకు నది నుంచి మోటార్లతో తోడి పోసేవే. తెనాలికి నీళ్లు బెజవాడ దగ్గరి ప్రకాశం బ్యారేజీ నుంచి పల్లంలోకి వాటంతటవే వస్తాయి. అంత సులువుగా వచ్చే నీటిని మనం మురుగులో కలిపేస్తున్నామని ఒక పిల్లవాడు, పటాలు చూసి మార్కులేసే జ్యూరీ ముందు అన్నప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. షీట్లు చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

మా పంతులమ్మగారి పట్టుదల ఒకటుంది. జ్యూరీ అయ్యాక షీట్లు తీసుకుని తిరిగి ఆ సందుకే వెళ్లాలి. వెళ్లారు. అరుగు మీద కూర్చున్న మామ్మగారి ముందు పటం పరిచి, ఇది మీ ఇల్లు, ఇది కాలవ, ఇవి చెట్లు అని చూపించారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బాగానే ఉంది గానీ, నా అరుగేదమ్మా?"

అరుగు లేదు. అరుగుండాల్సిన చోట వేపచెట్టు ఉంది. పిల్లలు సంచిలోంచి నన్ను తీసి అక్కడే, ఆవిడ చూస్తుండగా పరిచారు. 3.20.

నేలమీద నేను, నా పక్కన ఆ పటం. ఒక్క మీటరు. కాలేజీ గోడ మీద అది రెండు గీతల మధ్య ఎడం. ఇక్కడ ఒక మనిషి పొద్దున్నే పేపరు చూసుకునే చోటు, వచ్చేపోయేవాళ్లని పలకరించే చోటు, పక్కింటివాళ్లు చిన్నపిల్లల్ని అప్పగించి బజారుకి వెళ్లే చోటు. పొరపాటు చేసిన అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంటే మామ్మగారే మంచినీళ్లిచ్చి, "ఇంకా కాగితమే కదమ్మా, దిద్దుకోవచ్చు" అంది.

దిద్దారు. చెట్లు సందులోంచి గట్టు మీదకి జరిగాయి, అక్కడ చోటుంది. సందులో నీడకి కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, పడిపోబోతున్న చూరుల్ని బాగుచేస్తే చాలు. 1915లో పాట్రిక్ గెడెస్ అనే పెద్దాయన మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టణాలు చూస్తూ తంజావూరు వెళ్లినప్పుడు, ఇరుకు పేటలోంచి నిటారుగా పెద్ద రోడ్డు కొట్టే పథకాన్ని కాదన్నాడట. శిథిలమైన ఇళ్లు కొన్నే తీసి, ఆ ఖాళీలో చెట్టూ చావిడీ పెట్టి, తక్కిన సందుల్ని ఉన్నట్టే ఉంచమన్నాడు. కాపాడుతూ చేసే శస్త్రచికిత్స అని దానికి పేరు పెట్టాడు. పంతులమ్మగారు ఈ పాఠం ముందే చెప్పారు. పిల్లలకి అది అరుగు దగ్గర అర్థమైంది.

బాపట్లలో ఆ పొరపాటు మళ్లీ జరగలేదు. అక్కడ నన్ను ఇసకలోకి దించారు. ఆ తీరపు ఇసకలో లోతుకి పోతే ఉప్పునీరు, దాని మీద పలచగా తేలే మంచినీరు. అందుకే రైతులు లోతు బావి కాకుండా దొరువు తవ్వుతారు. పైపైన తేరుకున్న తియ్యనీళ్లని తోడుకుంటారు. దొరువుని ఇంకా మెరుగుపరిచే పద్ధతి మీద అదే ఊళ్లోని వ్యవసాయ పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేశారు. భావనారాయణస్వామి గుడి వైపు పాత వీధులకి పిల్లలు వేసిన పథకమంతా ఈ ఒక్క సంగతి మీదే నడిచింది. వీధి మొత్తానికి సిమెంటు పోస్తే వాన ఇంకదు, వాన ఇంకకపోతే కింద తేలే తియ్యనీరు సన్నగిలుతుంది, ఉప్పు పైకొస్తుంది. కాబట్టి బండి చక్రాలు తగిలేంత మేరే రాయి పరిచి, తక్కినది ఇసకగానే వదిలారు. దొడ్లలో గచ్చు చేయించుకున్నవాళ్లని కనీసం ఒక మూల తెరవమని అడిగారు. ఇంత చవకైన పథకం, ఇంత లోతైనది నేనింకోటి చూడలేదు.

రేపల్లెలో రెండు రోజులే ఉన్నాం. 1916 నుంచి రైలు వస్తున్న ఊరు, పట్టాలు అక్కడితో సరి. స్టేషను వీధిలో ఇళ్ల పునాదుల ఎత్తు కొలుస్తుంటే ఒక ముసలాయన 1977 నవంబరు ఉప్పెన గురించి చెప్పాడు. ఆ తర్వాత పిల్లలు తాము గీసిన చదువుల గదికీ సంతపాకకీ మేడ పెట్టారు, నడవలేనివాళ్లు కూడా ఎక్కేలా ఏటవాలు దారి పెట్టారు. మామూలు రోజుల్లో వాడుకలో ఉండే చోటే తుఫాను రోజున అక్కరకొస్తుంది.

ఇంత చేశాక ఆ షీట్లు ఏమయ్యాయి? మార్కులు పడ్డాయి. గొట్టాల్లో చుట్టి స్టోరు గదిలో అటక మీద పెట్టారు. నేను ఆ అటక కింద మేకుకి వేలాడుతున్నాను. ఏటా కొత్త గొట్టాలు వస్తుంటాయి. మూడు ఊళ్ల సందుల అసలు వెడల్పులు, అరుగుల ఎత్తులు, రేవు మెట్ల లెక్క అందులో ఉన్నాయి. అంత దగ్గరగా ఆ పేటల్ని మోకాళ్ల మీద కూర్చుని కొలిచినవాళ్లు మా పిల్లలు. ఆ కాగితాలకి చెదపట్టడం అన్యాయం.

మీ వీధిలో ఎప్పుడైనా పిల్లలు నాలాంటి టేపు పరిచి, అంకెలు అరుచుకుంటూ తిరిగి ఉంటే, ఆ కాలేజీకి వెళ్లి షీట్లు అడగండి. పరిచి చూసి, మీ అరుగు అందులో ఉందో లేదో చెప్పండి. వార్డులో ప్రణాళిక కార్యదర్శి ఉంటారు, ఒక నకలు ఆయనకివ్వండి. ఊరి మాస్టర్ ప్లాన్ ముసాయిదా అభ్యంతరాలకి పెట్టినప్పుడు ఆ పటం జతచేసి మీ మాట రాసివ్వండి. మామ్మగారి సందుది మా అటక మీద ఎడమవైపు గొట్టంలో ఉంది. దాని వెడల్పు 3 మీటర్ల 20.