పాదరక్షా పరిమార్జన శాస్త్రం (దిల్‌సుఖ్‌నగర్ శాఖ)

మన పూర్వులు శాస్త్రం పట్టించకుండా వదిలిన పని తక్కువ. మృచ్ఛకటికంలో శర్విలకుడు గోడకు కన్నం వేసేటప్పుడు కూడా శాస్త్రం తలుచుకుంటాడు. ఏ ఆకారంలో వేస్తే తెల్లారి చూసిన ఊరివాళ్ళు పనితనం మెచ్చుకుంటారో లెక్క చూసుకుని మరీ వేస్తాడు. వాత్స్యాయనుడి అరవై నాలుగు కళల్లో పళ్ళకూ బట్టలకూ ఒంటికీ రంగు వేయడం ఒక కళ. కాలిజోడు మాత్రం ఆ పట్టికకు ఎక్కలేదు. పోనీ పాదుకలంటే మనవాళ్ళకు చిన్నచూపా అంటే అదీ కాదు. భరతుడు పద్నాలుగేళ్ళు వాటికి రాజ్యం అప్పగించాడు. వేదాంత దేశికులు శ్రీరంగనాథుని పాదుకల మీద వెయ్యెనిమిది శ్లోకాలు చెప్పారు. కాకపోతే అవి దేవుడివి, సింహాసనం దాకా వచ్చాయి. మనవి గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

చాలాకాలం ఆలోచించాక ఈ లోటుకు కారణం దొరికింది: గడప. బూటును ఇంట్లోకి రానివ్వం, గుళ్ళోకి రానివ్వం, పళ్ళ డాక్టరు గదిలోకి కూడా రానివ్వం. బయట వదిలేసే వస్తువుకు చేసే సేవ మీద గ్రంథం రాయాలని ఏ పండితుడికి మాత్రం తోస్తుంది? ఆ పని నా నెత్తిన పడింది. రచనాస్థలం కొత్తపేట, రెండో అంతస్తు, చెప్పుల స్టాండు పక్కన.

శాస్త్రం మొదలుపెట్టే ముందు అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ తేల్చడం ఆచారం.

అధికారి అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు. దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. పేరులోనే కాళ్ళ ప్రస్తావన లేదు. అయినా అర్హులు ఎక్కువమంది ఉన్నది ఈ దిల్‌సుఖ్‌నగర్‌లోనే. ఇక్కడి హాస్టల్ గదిలో నాలుగు మంచాలు, నలభై పుస్తకాలు, ఒక జత నల్లబూట్లు ఉంటాయి. బూట్లు ఎనిమిదో నంబరువి. ఏడో నంబరు కాలు ముందు భాగంలో పేపరు కుక్కుకుని వెళ్తుంది, తొమ్మిదో నంబరు కాలు నిప్పుల మీద నడిచినట్టు నడుస్తుంది. ఎవరి ఇంటర్వ్యూ ముందొస్తే ఆ వారం బూట్లు వాళ్ళవి, పాలిష్ చేసే బాధ్యత కూడా వాళ్ళదే. ఉమ్మడి కుటుంబం ఇంత పద్ధతిగా నడవడం నేను మరెక్కడా చూడలేదు. స్పోర్ట్స్ షూ వేసుకునేవాళ్ళు అనధికారులు. స్వెడ్ బూట్లకు క్రీం రాసేవాళ్ళకు ప్రాయశ్చిత్తం కూడా లేదు.

విషయం తోలు. తోలంటే చర్మమని అందరికీ తెలుసు, బిల్లు కట్టగానే మరిచిపోతారు. ప్రాణం ఉన్నన్నాళ్ళూ చర్మానికి కొవ్వు లోపలినుంచే అందేది. ఇప్పుడు ఆ లోపలిమనిషి లేడు, అక్కడ మన కాలు ఉంది. కాబట్టి బయటినుంచి పెట్టాలి. క్రీం పాలిష్ ఉన్నది అందుకే.

ఈ విషయంలో తెలుగువాడికేం తెలుసు అనేవాళ్ళకు యలవర్తి నాయుడమ్మ గారి పేరు చెబితే చాలు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన ఆయన మద్రాసు అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు. దేశమంతా ముట్టుకోవడానికి సందేహించిన వస్తువును ప్రయోగశాల బల్లమీదికి ఎక్కించిన మనిషి. అంతకన్నా వెనక్కి పోతే తంగేడు. బతుకమ్మలో అన్నిటికన్నా ముందు కావాల్సిన పువ్వు, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. పల్లెల్లో తోళ్ళు ఊనే లందల్లో తరతరాలుగా పడింది ఆ తంగేడు చెక్కే, కరక్కాయతో కలిసి. పువ్వును నెత్తిన పెట్టుకుని ఊరేగించిన ఊళ్ళే, అదే చెట్టు బెరడుతో పనిచేసిన చేతుల్ని ఊరి చివర ఉంచాయి. గడప సిద్ధాంతానికి ఇంతకన్నా పాత సాక్ష్యం అక్కర్లేదు. ఇవాళ్టి బూటుతోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదునుపెట్టింది; దాని ఆకలి మాత్రం పాతదే.

సంబంధం బూటుకూ దుమ్ముకూ మధ్యన. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు, ఇన్నర్ రింగు రోడ్డు కలిసేది ఎల్‌బీనగర్ చౌరస్తాలో. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు తెచ్చిన మట్టంతా ఇక్కడ దించి ఊళ్ళోకి పోతాయని నా అనుమానం. నా పాత గోధుమరంగు జోడు మడతల్లో పొరలుండేవి. అన్నిటికన్నా కింద బూడిదరంగు సిమెంటు, అంటే మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం. అమీర్‌పేట నుంచి ఎల్‌బీనగర్‌కు రైలు 2018 సెప్టెంబర్ 24న నడిచింది. దాని మీద పచ్చటి జిగురు, మామిడిపండ్లది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయేదాకా ఎండాకాలం ఆ దారిలో గడ్డి, తొక్కలు తొక్కకుండా నడవడం ఎవరివల్లా కాలేదు. ఆపైన ఉన్నదంతా వర్తమానం.

ప్రయోజనం గురించి ఒక్కటే చెబుతాను. 1838లో పారిస్‌లో డాగేర్ తన కిటికీలోంచి ఒక వీధిని ఫోటో తీశాడు. అప్పటి పలక మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. బళ్ళు, గుర్రాలు, జనం అందరూ కదిలిపోతూ ఉన్నారు కాబట్టి ఎవరూ పడలేదు, వీధి ఖాళీగా వచ్చింది. మూలన ఒకాయన మాత్రం నిలబడి ఉన్నాడు, బూటు పాలిష్ చేయించుకుంటూ. ఫోటోకు చిక్కిన మొదటి మనుషుల్లో ఆయనొకడు. ఆ కాలి దగ్గర వంగి ఉన్న రెండో ఆకారం పాలిష్ చేసే మనిషి. చరిత్రకెక్కడానికి ఇంతకన్నా చవకైన మార్గం నాకు తెలీదు.

ఇక ప్రక్రియ.

రేకుడబ్బీలో వచ్చేది మైనం పాలిష్. మైనాన్ని టర్పెంటైన్ లాంటి నూనెలో కరిగించి పోస్తారు. మూత సరిగా పెట్టకపోతే ఆ నూనె ఎగిరిపోయి, ఎండిన చెరువు అడుగులా లోపల నెర్రెలిస్తుంది. గాజుసీసాలోనో ట్యూబులోనో వచ్చేది క్రీం. ఇందులో నీళ్ళుంటాయి; పాలల్లో వెన్న కలిసి ఉన్నట్టు నీళ్ళల్లో నూనె, మైనం, రంగు కలిసి ఉంటాయి. మైనం పైన కూర్చుని మెరుస్తుంది, క్రీం లోపలికి దిగుతుంది. మొదటిది నగ, రెండోది అన్నం. కడుపు మాడ్చి నగలు పెట్టే ఇళ్ళు మనకు కొత్త కాదు గనక డబ్బీ అమ్మకాలకు లోటు లేదు.

లేసులు ముందు తీసేయాలి. తీయకపోతే నాలుక పక్కన గాడిలో దుమ్ము అలాగే ఉండి, క్రీంతో కలిసి ముద్దవుతుంది. గుర్రపువెంట్రుకల బ్రష్షుతో దులిపి, తడిపి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వాలి. ఆ తర్వాత పాత బనీను ముక్క వేలికి చుట్టుకుని క్రీం అద్దుకుని, చిన్నచిన్న సున్నాలు చుడుతూ రాయాలి. కొత్త బనీను పనికిరాదు, నూలు అరిగి మెత్తబడ్డదే కావాలి. ఎంత అద్దుకోవాలన్నదే ఈ శాస్త్రంలో అసలు చిక్కు.

నేను ఉదారంగా అద్దేవాణ్ణి. ఒకరోజు చైతన్యపురిలో మెట్రో స్తంభం కింద కూర్చునే మోచీ తాత దగ్గర మడమ కుట్టించుకోవడానికి కాలు చాపాను. ఆయన బూటు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ముక్కు మీద గీశాడు. గోరు నిండా నల్లగా వచ్చింది.

"సార్, గిదేంది? బూటుకు క్రీం వెట్టిన్రా, క్రీంల బూటు ముంచిన్రా?"

"మెరవాలని తాతా."

"శెనగగింజంత సాలు. తోలు తిన్నంతే తింటది. మిగిలింది మీ ప్యాంటుకు పూస్తది."

ప్యాంటు చూసుకున్నాను. పూసింది. నా గ్రంథంలో 'ప్రమాణాధ్యాయం' మొత్తం ఆ మూడు ముక్కలే. ఆ మాట చెప్పినాయన కాళ్ళకు హవాయి చెప్పులున్నాయని కూడా ఇక్కడే నమోదు చేస్తున్నాను.

రాసిన వెంటనే రుద్దకూడదు. పది నిమిషాలు ఆగాలి. నీళ్ళు ఆరి, నూనె దిగాలి. ఆ పది నిమిషాల్లో టీ తాగొచ్చు, చేతులు కడుక్కుని. అప్పుడు బ్రష్షు అందుకుని, మోచేతినుంచి కాక మణికట్టునుంచి, తేలిగ్గా వేగంగా ఆడించాలి. రాపిడికి పుట్టే వెచ్చదనంతో మైనం మెత్తబడి తోలులోని సన్నటి గుంటల్లో సర్దుకుంటుంది. ఉపరితలం చదునైతే వెలుగు చెదరకుండా తిరిగొస్తుంది. మెరుపంటే అంతే, చదును. చివర పొడి గుడ్డను రెండు చేతులా పట్టుకుని ముక్కు మీద అటూ ఇటూ లాగితే మెత్తగా 'సర్ సర్' మంటుంది. ఆ చప్పుడు మారి 'కిచ్' మన్నప్పుడు ఆపాలి.

పూర్వపక్షాలు చాలా ఉన్నాయి. స్పాంజి మూతి ఉన్న ద్రవపాలిష్ ఒకటి. రెండు నిమిషాల్లో మెరుస్తుంది, తోలు మీద ప్లాస్టిక్ పొరలా కూర్చుంటుంది, బూటు మడిచిన చోటల్లా చిట్లుతుంది. స్కూలు ఆటో కింద హారన్ కొడుతుండగా మాత్రమే అనుమతించవచ్చు. అరటితొక్క వాదం హాస్టళ్ళలో బలంగా ఉంది; మెరుపు వస్తుంది, వెనకే చీమలు వస్తాయి. అన్నిటికన్నా ఎక్కువమంది అనుచరులున్నది పిక్కఘర్షణ వాదానికి. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాటాక, ఎల్‌బీనగర్ వస్తుందనగా మెట్రో పెట్టెలో గమనించండి: కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డ పెద్దమనుషులు రెండో బూటు ముక్కును నిలబడ్డ కాలి పిక్కకు, ప్యాంటు వెనక, రహస్యంగా రుద్దుకుంటుంటారు. ముఖం కిటికీవైపే ఉంటుంది. దుమ్ము ఎక్కడికీ పోదు, బూటు మీదినుంచి ప్యాంటు మీదికి బదిలీ అవుతుంది.

ఆపద్ధర్మం గురించి నా అపరాధం ఒకటి చెప్పుకోవాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లోకి వచ్చినట్టే మా మెట్ల కిందికీ నీళ్ళొచ్చాయి. తెల్లారి చూస్తే నా నల్లజోడు ఒకటి గేటు దగ్గర, ఒకటి పక్కింటి తులసికోట దగ్గర. బుద్ధి ఉంటే లోపల పేపర్లు కుక్కి, తడిసినప్పుడల్లా మారుస్తూ, ఫ్యాను గాలికి రెండు రోజులు వదలాలి. నేను గ్యాస్ పొయ్యి పక్కన పెట్టాను. గంటలో ఆరాయి, అప్పడాల్లా. వేళ్ళు వంగే చోట అడ్డంగా పగిలాయి. ఆ తర్వాత ఎంత క్రీం పెట్టినా పగుళ్ళలో నల్లగీతలుగా నిలిచిందే గానీ అతకలేదు. మా ఆవిడ మాత్రం బాధపడింది బూట్లు వంటింట్లోకి వచ్చినందుకు.

శాస్త్రానికి ఫలశ్రుతి ఉండాలి. కిందటేడు మాఘమాసంలో ఎల్‌బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళికి వెళ్ళాను. ముందురోజు రాత్రి గంటసేపు కూర్చుని పైన చెప్పిన ప్రకారం, శెనగగింజ కొలతతో, గోధుమరంగు జోడును సిద్ధం చేశాను. మండపం మెట్ల దగ్గర విప్పి, అక్షతలు వేసి, పప్పు, గుత్తివంకాయ, రెండు రకాల స్వీట్లు అయ్యాక బయటికొచ్చేసరికి అవి లేవు. అదే చోట, అదే గోధుమరంగు, అదే ఎనిమిదో నంబరు జోడు ఒకటుంది. మడమ ఎడమవైపు అరిగింది. ముక్కు తెల్లగా పాలిపోయి, గీరితే పొట్టు రాలేలా ఉంది. లేసుకు ఒకవైపు మొన ఊడిపోతే దారం కాల్చి ముడేశారు. కాసేపు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. వేసుకుని ఇంటికొచ్చాను, సరిపోయాయి.

రాత్రి లేసులు తీసి, దులిపి, తుడిచి, బనీను ముక్క అందుకున్నాను. రాసిన క్రీం రాసినట్టే ఇంకిపోయింది. మళ్ళీ రాశాను, అదీ ఇంకిపోయింది. మూడో పూత వేసి, టీ తాగడానికి లేచాను.