మిడిమిడి జ్ఞానం, మంగలి కత్తి

ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు ఒత్తిడి పాఠం చెప్పేవాణ్ణి. ఆనే చోటు ఎంత సన్నగా ఉంటే ఒత్తిడి అంత ఎక్కువ, అందుకే పదునుంటే బలం అక్కర్లేదు అని బోర్డు మీద కత్తి బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. అంతటి పెద్దమనిషిని, మొద్దు కత్తిని బలంగా నొక్కి గడ్డం గీసుకోబోయాను. నా తెలివికి అది కొసమెరుపు మాత్రమే. అసలు కథ అంతకు ముందే ఉంది.

2020 లాక్‌డౌన్‌లో మా ఇబ్రహీంపట్నంలో కటింగ్ షాపులన్నీ మూతపడ్డాయి. బుద్ధున్నవాళ్లు కిరాణా కొట్లో బ్లేడు కొనుక్కున్నారు. నాకు మాత్రం ఎప్పుడో ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొని బీరువాలో పడేసిన మడత కత్తి గుర్తొచ్చింది. దాని మీద ‘సోలింగెన్’ అని చెక్కి ఉంది. కత్తులకు పేరుమోసిన జర్మనీ ఊరది. ఆ అక్షరాలు చూసే కొన్నాను, అంచు చూడలేదు. “సాన పట్టియ్యాలె సార్” అని అమ్మినాయన చెబితే, “నాకు తెల్వదా” అన్నాను.

నాకు తెలిసిందల్లా చరిత్ర. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మర్లు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్ వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. ఇలాంటి భారతీయ ఉక్కు రహస్యమేమిటో తేల్చాలని 1820 ప్రాంతంలో లండన్‌లో శాస్త్రవేత్త ఫారడే, స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ప్రయోగాలు చేశాడు. కొత్త మిశ్రమ ఉక్కుతో గడ్డం కత్తులు చేయించి స్నేహితులకు పంచాడు కూడా. ఇదంతా మా ఆవిడకు చెప్పి, పెరట్లో కొడవళ్లు నూరే రాయి తెచ్చుకుని కూర్చున్నాను.

కూరగాయల కత్తిని నూరినట్టే వెన్ను పైకెత్తి నూరాను. ఈ కత్తి కథ వేరు. దీని లావుపాటి వెన్ను, అంచు రెండూ రాతికి ఆని ఉండాలి. అంచు ఏ వాలులో అరగాలో నిర్ణయించేది ఆ వెన్ను మందమే. చేసినవాడు లెక్క కట్టి కత్తిలోనే పెట్టిన వాలును నేను సవరించబోయాను. రాయి కూడా పనికిరాదు. దీనికి గరుకు రాయితో మొదలుపెట్టి, అంతకంతకూ నున్నటి రాళ్ల మీద, చివరికి చెయ్యి పెడితే గాజులా జారే రాయి మీద నూరాలట. ఆ తర్వాత తోలు. కిటికీ ఊచకు నా పాత బెల్టు కట్టి, అంచు ముందుకు పెట్టి లాగాను. తోలు మీద వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. నా బెల్టు రెండు ముక్కలైంది. కత్తికి పదునొచ్చిందనడానికి అదే రుజువని నేను మురిసిపోయాను!

వేడినీళ్లతో వెంట్రుకలను నానబెట్టలేదు, రెండో చేత్తో చర్మం బిగబట్టలేదు. ఎడమ దవడ మీద కత్తి ఆగిపోయింది. నొక్కాను. “గడ్డం గీసుకుంటున్నరా, గొర్రెను కోస్తున్నరా?” అంటూ మా ఆవిడ పటిక ముక్క తెచ్చిచ్చింది.

మే నెలలో షాపులు తెరిచాక వెళ్లాను. మాస్కు దించగానే మా ఆయన, అంటే ఏళ్లుగా నాకు కటింగ్ చేస్తున్న పెద్దాయన, “ఏమైంది సార్?” అన్నాడు. పిల్లి గీరిందన్నాను. “గీత సక్కగ పడ్డది సార్, మీ పిల్లి శాన తెలివైంది” అన్నాడు. ఇక దాచలేక జేబులోంచి కత్తి తీశాను. అంచు వెలుతురుకేసి పట్టి చూసి, “గిట్ల నూరితే కత్తి కాదు సార్, రంపమైతది” అన్నాడు. పైన రాసిన మెళకువలన్నీ ఆయన చెప్పినవే.

వాళ్ల నాయిన పెద్దచెరువు కట్ట దగ్గర చెట్టు కింద పొది విప్పి కూర్చునేవాడట. కొడుకు చేతికి కత్తి ఇవ్వడానికి ముందు చాలాకాలం తోలు మీద తిప్పడమే నేర్పాడట. ఎయిడ్స్ భయం వచ్చాక ఈయన ఆ కత్తి మానేసి, మనిషికొక సగం బ్లేడు వాడుతున్నాడు. పాత కత్తి మాత్రం నూనె గుడ్డలో చుట్టి ఉంది.

అదే ఏడాది ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో ఎంఐటీ వాళ్ల పరిశోధన వచ్చింది. వెంట్రుక కన్నా ఉక్కు యాభై రెట్లు గట్టిదైనా, వెంట్రుక వంగిన తీరునుబట్టి అంచు పెచ్చులూడుతుందని మైక్రోస్కోపు కింద చూపించారు. తప్పు నాది కాదు, వెంట్రుకది అని సంబరంగా ఆయనకు చదివి వినిపించాను. “గందుకే గద సార్, గీసే ముంగట రోజూ తోలు మీద తిప్పేది” అన్నాడు.

ఫారడే దాకా వెళ్లినవాణ్ణి, రెండు వీధుల అవతల ఉన్న ఆయన్ని ఫోన్ చేసి ఎందుకు అడగలేదు? నంబరు ఉంది, ఆయన ఇంట్లో ఖాళీగానే ఉన్నాడు. ‘చాకలి కొత్త, మంగలి పాత’ అనే సామెతను నవ్వుతాలుకు వాడుతూ పెరిగాను గానీ, ఆ పాతలో ఒక చదువుందని నా బుర్రకు తోచలేదు. చదువంటే నేను చెప్పేదే అనుకున్నాను. కులం పేరెత్తకుండానే కులగర్వం చూపించానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మీకూ అలాంటి కత్తి దొరికితే, మీ ఊళ్లో చెయ్యి తిరిగినాయన దగ్గరికి వెళ్లి నేర్పమని అడగండి. కుర్చీలో కూర్చుని కాదు, పక్కన నిలబడి. నేర్పినందుకు డబ్బులివ్వండి. ట్యూషన్ ఫీజు కట్టడం మనకు కొత్తేం కాదు కదా.