విద్యార్థికి చిల్లర లేదు

శాతమంటే నూటికి ఇంత అని చెప్పే లెక్క. వంద మంది లేని చోట కూడా వంద మంది ఉన్నట్టే భావించి వాటా తేల్చడం దాని వృత్తిధర్మం. 'నూటికి రెండు రూపాయల వడ్డీ' అనగానే ఊళ్లో అందరికీ చటుక్కున బోధపడే ఈ సంగతే, రూపాయల స్థానంలో విద్యార్థులు వచ్చి కూర్చోగానే జటిలమవుతుంది. రూపాయిని మార్చి చిల్లర ఇవ్వవచ్చు గాని, విద్యార్థికి చిల్లర దొరకదు.

పాఠ్యపుస్తకం ఈ చిక్కును ముందే పసిగట్టి, ఒక తరగతిలో 40 మంది ఉన్నారనీ, వారిలో 60 శాతం బాలురనీ చెప్పి, బాలికలెందరని అడుగుతుంది. 60 శాతమంటే అయిదింట మూడు వంతులు కనుక బాలురు 24 మంది, బాలికలు 16 మంది. అయితే 24 రాగానే దాని కింద రెండు గీతలు గీసి, అడిగింది బాలికలనన్న మాట మరచి, పరీక్ష హాలు నుంచి విజయగర్వంతో బయటికి వచ్చేవారికి ఏ తరగతిలోనూ కొదవ లేదు.

ఇటువంటి లెక్కలో తరగతి సంఖ్యను నిర్ణయించేది అడ్మిషన్ రిజిస్టరు కాదు, శాతమే. శాతాన్ని భిన్నంగా రాసినప్పుడు అడుగున ఉండే సంఖ్యను హారం అంటారు. కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలే హారంతో తరగతి సంఖ్య నిశ్శేషంగా భాగించబడాలి. 35 శాతం మంది పరీక్ష తప్పాలంటే, అది ఇరవయ్యింట ఏడు వంతులు కనుక, తప్పడానికైనా 20, 40, 60 ఇలా ఇరవైల చొప్పున చేరక తప్పదు.

నిజమైన బడికి ఈ మర్యాద తెలియదు. 43 మంది ఉన్న తరగతిలో, 43కూ వందకూ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేనందున, సున్నా, నూరు తప్ప మరే పూర్ణశాతమూ పొసగదు. అందులో సగమంటే ఇరవై ఒకటిన్నర మంది, ఆ అర విద్యార్థిని ఏ బెంచీలో కూర్చోబెట్టాలో గణితశాస్త్రం చెప్పదు. పక్క ఊరి నుంచి టీసీ పట్టుకొని ఒక్కడు వచ్చి చేరితే సంఖ్య 44 అయి, 25, 50, 75 శాతాలకు దారి తెరుచుకుంటుంది. వచ్చినవాడికి లెక్కలు రాకపోయినా, తరగతి లెక్క మాత్రం చక్కబడుతుంది.

ఈ తిప్పలన్నీ తప్పినది పదో తరగతిలో ఒక్కడే ఉన్న బడి. అక్కడ శాతానికి రెండే విలువలు: వాడు గట్టెక్కితే నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని ఫ్లెక్సీ కట్టవచ్చు, వాడికి జ్వరమొస్తే హాజరు సున్నా. అందుచేత ఆ బడి హెడ్మాస్టరుకు భయం శాతాలంటే కాదు, వానాకాలమంటే.