పాళీ అరిగిన వైపు

నన్ను కడిగేశారు. పదిహేను రోజులకోసారి చేసే మామూలు కడుగుడు కాదిది. మర విప్పి, మిగిలిన సిరా బుడ్డిలోకి వంచేసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని, ఆ నీళ్ళు నీలంగా మారినప్పుడల్లా పారబోసి మళ్ళీ తెచ్చుకుని, చివరికి తేటగా వచ్చాక పాత పంచె ముక్క మీద బోర్లించారు. ఆరిన తర్వాత మళ్ళీ సిరా పోస్తారని చూశాను. పొయ్యలేదు. నలభై తొమ్మిదేళ్ళలో నా కడుపు ఖాళీగా ఉండటం అదే మొదలు.

నేను రాజమండ్రి కలాన్ని. ఆ మాట చెప్పుకోవడంలో నాకు కాస్త గర్వం ఉంది, దాచుకోను. స్వదేశీ వస్తువేదైనా చెయ్యమని గాంధీగారు అంటే కోసూరి వెంకటరత్నం గారు కలం చేశారు. పాళీతో సహా అంతా ఇక్కడిదే అయ్యాక, 1935లో గాంధీగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. మా ఊరికి కలాల పేరు అలా వచ్చింది. రబ్బరులో గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన ఎబొనైటు కడ్డీని లేతు మీద తిప్పితే నాలాంటివాళ్ళు పుడతారు. పుట్టినప్పుడు నిగనిగలాడే నలుపు. వెలుతురు తగిలీ తగిలీ ఇప్పుడు ముదురు ఆకుపచ్చా గోధుమా కాని రంగుకి తిరిగాను. మూత తీసి చూడండి, దాని కింద ఇంకా ఆ పాత నలుపే.

గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన తెరిచిన చలికాలంలో, అంటే 1974 చివర్లో, మేష్టారు నన్ను కొన్నారు. లెక్కల మేష్టారు. జనవరి ఒకటిన డైరీ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏటా ఒకటి, ఎల్‌ఐసీ వాళ్ళదో, బ్యాంకు వాళ్ళదో, ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిందో. రాత్రి తొమ్మిదింటికి భోజనం అయ్యాక కూర్చునేవారు. ఫిల్లరుతో నాలో సిరా పోసి, ఒకసారి విదిలించి, ముందు తేదీ వేసేవారు.

నా గుణాలూ చెప్పుకోవాలి. కడుపులో సిరా తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. ఆ గాలికి చేతి వెచ్చదనం తగిలిందా, కక్కేస్తాను. మేష్టారి తెల్లచొక్కాల జేబులన్నీ అందుకు సాక్ష్యం. స్కూల్లో పిల్లలైతే కక్కిన పాళీని తలకి రాసుకుని తుడిచేవాళ్ళు. మేష్టారు మాత్రం నా కోసం ఒక గుడ్డముక్క పెట్టారు. డాట్ పెన్నులొచ్చి నా తోటివాళ్ళు చాలామంది మూలపడ్డా నేను బల్ల మీదే ఉన్నాను.

ఏం రాసేవాళ్ళం? ఎక్కువగా గోదారి. ఆయనకి అదో పిచ్చి. వానాకాలం వస్తే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం రాయని రోజు లేదు. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆకాశవాణి విజయవాడ ప్రాంతీయ వార్తల్లో విన్నది, స్వయంగా గట్టు మీదికి వెళ్ళి చూసొచ్చింది, రెండూ పక్కపక్కన వేసేవారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత స్కూల్లో పోగు చేసిన బియ్యం లెక్క రాశాం. 1997లో పాత హేవలాక్ వంతెన మీద రైళ్ళు ఆగిపోతే రెండు పేజీలు రాశాం. 1900 నుంచీ బళ్ళు మోసిన వంతెన, పాపం, ఇంకా అలాగే నిలబడి ఉంది. అప్పట్లో దాని మీద జాలిపడ్డాను.

నా మటుకు నాకు అన్నిటికన్నా గొప్ప పేజీ 1986 ఆగస్టు 16. ఆ రోజు భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు. కరెంటు లేదు. లాంతరు దగ్గర పెట్టుకుని, అంకెలు వణక్కుండా, ఎంత అందంగా రాశామో. లంకలవాళ్ళని తెచ్చి స్కూల్లో దించారని, ఎన్ని కుటుంబాలో, ఏ గదిలో ఎంతమందో అన్నీ ఉన్నాయి. ఎప్పటికైనా ఎవరైనా నన్ను అడిగితే ఈ పేజీ చూపించాలనుకునేదాన్ని.

అడిగారు. కిందటి దసరా సెలవులకి మనవరాలు వచ్చింది. స్కూల్లో పాత వరదల గురించి ఏదో రాసుకురమ్మన్నారట. "తాతయ్యా, నీ డైరీలో ఉంటుందంటగా" అంది. మేష్టారు బీరువా తెరిచి 1986 తీసి, ఆ పేజీ గొంతెత్తి చదివారు. పిల్ల అంతా విని, "మరి అమ్మమ్మ ఆ రోజు ఏం చేసింది?" అంది.

మేష్టారు పేజీ తిప్పారు. వెనక్కి తిప్పారు. పదిహేనో తారీకులో లేదు, పదిహేడులోనూ లేదు.

వంటింట్లోంచి ఆవిడే చెప్పారు, నవ్వుతూ. "ఏం చేస్తానే, వండాను. మూడ్రోజులు. పక్కింటి గుండిగ తెచ్చి, పెరట్లో మూడు రాళ్ళు పెట్టి. తడికట్టెలు అంటుకోక కళ్ళు వాచిపోయాయి. మీ అమ్మ నా కొంగు వదల్లేదు. ఒక ముసలాయన మాత్రం అన్నం ముట్టనన్నాడు, గేదె కొట్టుకుపోయిందని. మీ తాతయ్యకి తెలుసుగా, ఆయనే గదికో చీటీ రాసి పంపించేవారు, ఎంతమందికి వండాలో."

పిల్ల అది రాసుకుంది. డాట్ పెన్నుతో.

ఆ రాత్రి నా మూత కూడా తియ్యలేదు. ఆ తర్వాత పది రోజులు మేష్టారు ఒక్కో సంవత్సరం దించి చూశారు. ఆయన వెతుకుతున్నది ఆవిణ్ణి. కూతురు పుట్టిన రోజు పేజీ నాకూ గుర్తే: "ధవళేశ్వరం పది అడుగులు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. మామగారికి టెలిగ్రాం." అంతే. కానీ ఆవిడ అసలు లేరని అనడానికి లేదు. "పుట్టింటికి వెళ్ళింది. హోటల్లో భోజనం." "ఇంకా రాలేదు. పప్పు మాడింది." "జ్వరం. కాఫీ నేనే పెట్టాను. నీళ్ళలా ఉంది." ఇలా చాలా చోట్ల ఉన్నారు. ఇంట్లో లేని రోజుల్లోనో, మంచం దిగలేని రోజుల్లోనో మాత్రం ఉన్నారు. ఇంట్లో తిరుగుతున్న రోజుల్లో డైరీలో లేరు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. నేను చెయ్యి ఎటు నడిపితే అటు పోయేదాన్ని, నా తప్పేముందని సర్దిచెప్పుకున్నాను. ఐనా తొమ్మిదింటికి మేం బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడుతూనే ఉండేది. నలభై తొమ్మిదేళ్ళు విన్నాను. ఆ చప్పుడికి ఒక్క సిరాచుక్క ఖర్చు కాలేదు.

2023 డిసెంబరు 31 రాత్రి మేష్టారు నాలో సిరా పోశారు. తేదీ వేసి, "ఈ రోజు ఆవిడ" అని రాసి ఆగారు. పాళీ ఆరిపోయింది. విదిలించారు. మళ్ళీ ఆరింది. చివరికి కుర్చీలోంచే కేకేశారు.

"ఇదిగో, ఈ రోజు నువ్వేం చేశావ్?"

"రోజూ చేసేదే. ఏం, ఎందుకు?"

"ఈ రోజు ఆవిడ రోజూ చేసేదే చేశానంది. డైరీ ఇంతటితో ఆపుతున్నాను" అని రాశారు. పేజీలో మిగతాదంతా తెలుపు. కింద ఎప్పుడూ వెయ్యని సంతకం వేశారు. రెండు రోజుల తర్వాత ఒక పాత స్నేహితుడు ఫోన్లో, అన్నేళ్ళది ఎందుకు ఆపావురా అని గదమాయిస్తే, "ఆ గంటతో పనుందిరా" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే కడుగుడు.

మొదటి వారం తొమ్మిది కొట్టేసరికి ఆయన చెయ్యి బల్ల మీదికి వచ్చేది, నన్ను తడిమి వెనక్కి పోయేది. తర్వాత రావడం మానేసింది. ఇప్పుడు ఆ వేళకి వంటింట్లో రెండు గొంతులు వినిపిస్తున్నాయి. మాటలు అందవు. మధ్యలో గిన్నె జారిన చప్పుడూ, "మీరు తుడవకండి, నీళ్ళు చిమ్ముతున్నారు" అన్న విసుగూ మాత్రం అందుతాయి.

సంక్రాంతికి రెండ్రోజుల ముందు ఆవిడ గదిలోకి వచ్చారు. కిరాణా చీటీ రాయాలట, డాట్ పెన్ను పలకడం లేదట. "ఇది వాడుకోనా?" అన్నారు. మేష్టారు లేచి, బుడ్డి మూత తీసి, ఫిల్లరుతో సిరా పోసి ఆవిడ చేతికిచ్చారు.

ఇక్కడ నా చిక్కొకటి ఉంది. పాళీ కొసన గట్టి లోహపు చుక్క ఉంటుంది. ఒకే చెయ్యి, ఒకే వాలులో ఏళ్ళ తరబడి రాస్తే ఆ చుక్క ఆ వైపుకే అరిగిపోతుంది. అందుకే సొంత కలం ఎవరికీ ఎరువివ్వరు. మేష్టారు నన్ను బాగా పడుకోబెట్టి రాస్తారు. ఆవిడ నిలబెట్టి పట్టుకున్నారు. నేను కాగితాన్ని గీరాను. "బెల్లం" అని రాయబోతే "బె" దగ్గరే ఆగి, ఒక బొట్టు కక్కాను.

"మీ కలం నా మాట వినదేంటండీ?"

మేష్టారు గుడ్డముక్క అందించారు. ఆవిడ నన్ను తుడిచి, ఇంకోలా తిప్పి పట్టుకుని, మళ్ళీ రాశారు. బెల్లం రెండు కేజీలు. సన్నగా, చిరుగీతలతో, సగం సగం సిరాతో పడింది. తర్వాత కొత్త బియ్యం. తర్వాత నువ్వులు, అరకేజీ అని రాసి, కొట్టేసి, పావుకేజీ అని వేశారు.