పరుగు మీది, పర్సు మాది

వానాకాలం మొదలైందంటే హైదరాబాదులో రెండు రకాల వసూళ్ళు బయల్దేరతాయి. మొదటిది వినాయకుడి చందా. రసీదు పుస్తకం పట్టుకుని పిల్లలు గేటు తడతారు, ఎంతిచ్చినా "ఇంతేనా అంకుల్" అని మొహం చిట్లించి పోతారు. రెండోది ఫోనులో దిగుతుంది. "అన్నా! ఈసారి ఫుల్ మారథాన్ కొడుతున్నా. క్యాన్సర్ పరిశోధన కోసం. నా టార్గెట్ యాభై వేలు. మీ వంతు సాయం చేయండి." కింద ఒక లింకు, లింకు కింద జోడించిన చేతులు, చేతుల పక్కన కండలు తిరిగిన ఇంకో చెయ్యి. వినాయకుడికిచ్చిన డబ్బుకి వీధి చివర మండపం లేస్తుంది, దోసెడు పులిహోర దొరుకుతుంది, ఏదీ లేకపోతే అర్ధరాత్రి దాకా మైకైనా వినిపిస్తుంది. ఈ రెండో చందాకి ఏం కనిపిస్తుందయ్యా అంటే, ఆ కుర్రాడు కనిపిస్తాడు.

రోజూ కనిపిస్తాడు. ఆ క్షణం నుంచి వాడి శిక్షణ మనకు శిక్ష. తెల్లారగట్ల నాలుగున్నరకి కేబీఆర్ పార్కు గేటు దగ్గర తలకు లైటు కట్టుకుని ఒక ఫొటో. ఆదివారం "లాంగ్ రన్" చేసి, దుర్గం చెరువు చుట్టూ తను తిరిగిన దారిని మ్యాపు మీద ఎర్రగీతగా పెడతాడు. చేతికున్న గడియారం టైము తప్ప అన్నీ చెబుతుంది: గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, ఎంత నిద్రపోయాడు, అందులో ఎంత గాఢనిద్ర. అడుగున కార్బన్ పలక ఉన్న బూట్లు కొన్నాడు. వాటి ఖరీదులో సగం చందాపెట్టెలో పడేసి చెప్పుల్లో నడిచినా టార్గెట్‌లో మంచి వాటా తీరిపోయేది. పరుగు ముందు మూడు రోజులు "కార్బ్ లోడింగ్" అని బిర్యానీ తింటాడు. త్యాగమంటే అలా ఉండాలి. ఓ రోజు నల్లబడ్డ కాలి బొటనవేలి గోరు ఫొటో పెట్టి, కింద "క్యాన్సర్ మీద నా పోరాటం" అని రాశాడు. ఎనభై మంది చప్పట్లు కొట్టారు. కీమోథెరపీ చేయించుకునేవాళ్ళ గోళ్ళు కూడా నల్లబడతాయి. ఆ ఫొటోలకు చప్పట్లు పడటం నేను చూడలేదు.

ఇక్కడ నాకు కొరుకుడుపడని సంగతి ఒకటుంది. పరిశోధనకు డబ్బు కావాలి, ఒప్పుకున్నాను. నా దగ్గర ఎంతో కొంత ఉంది, అదీ ఒప్పుకున్నాను. నా జేబు నుంచి ప్రయోగశాలకు ఆ డబ్బు వెళ్ళడానికి మధ్యలో ఒక మనిషి నలభై రెండు కిలోమీటర్లు ఎందుకు పరిగెత్తాలి? బ్యాంకు నుంచి బ్యాంకుకు మీట నొక్కితే రెండు సెకన్లలో పోయే సొమ్మును వీడు ఐదు గంటలపాటు చెమటలు కక్కుతూ ఎక్కడికి మోస్తున్నాడు? అదే అడిగాను. "పరిగెత్తకుండా ఇంట్లో పడుకో, రెట్టింపు ఇస్తా" అని బేరం కూడా పెట్టాను. "అలా ఎలా అన్నా, బిబ్ నంబరు కూడా వచ్చేసింది" అన్నాడు. అంటే యాభై వేలు ముఖ్యం కాదన్నమాట. స్వామికార్యం, స్వకార్యం కలిసి బయల్దేరాయి, స్వామి వెనకబడ్డాడు.

కష్టపడి కాళ్ళరిగేలా వెళ్ళి ఇవ్వడం మనకేమన్నా కొత్తా? అలిపిరి దగ్గర 3550 మెట్లు ఎక్కేవాళ్ళున్నారు, మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ మెట్టుకింతని పక్కింటాయన దగ్గర ముందే వసూలు చేయరు. ముడుపు వాళ్ళదే, మోకాళ్ళూ వాళ్ళవే. ఊళ్ళో యాచించి ఆ డబ్బుతోనే కొండకొస్తామని మొక్కుకునేవాళ్ళు కూడా ఉన్నారని మీరంటారు. ఉన్నారు. లక్షాధికారి కూడా గిన్నె పట్టుకుని నాలుగు గడపల ముందు "గోవిందా" అని చెయ్యి చాపుతాడు. ఆ యాచనతో మనిషి ఒక మెట్టు దిగాలని మొక్కు. మన రన్నరు యాచనతో మూడు మెట్లెక్కుతాడు, పైనుంచి మనల్ని చూసి "మీరు కూడా ఫిట్‌నెస్ మీద దృష్టి పెట్టాలన్నా" అంటాడు.

లండన్‌లో ఉన్న మనవాళ్ళది ఇంకో కథ. అక్కడి మారథాన్‌లో చోటుకి లాటరీ తీస్తారు. 2026 పరుగుకు వచ్చిన దరఖాస్తులు 11 లక్షల పైచిలుకు. పేరు రాని లక్షల మందికి దొడ్డిదారి ఒకటుంది. స్వచ్ఛంద సంస్థలు కొన్ని చోట్లు కొని పెట్టుకుంటాయి. సుమారు రెండు వేల పౌండ్లు వసూలు చేసి తెస్తానని మాటిస్తే ఒక చోటు మనది. అలా లాటరీ ఫలితాలొచ్చిన మర్నాడు క్యాన్సర్ రోగుల మీద ఒక్కసారిగా జాలి పొంగుతుంది. వెంటనే అత్తలకు, బావలకు, టెన్త్ క్లాసు గ్రూపుకి లింకులు బయల్దేరతాయి. భీమవరంలో కూర్చున్న మేనమామ పౌండ్లలో ఇవ్వాలి. అయితే ఒకటి చెప్పాలి, అక్కడ లెక్క కనిపిస్తుంది: ఏ సంస్థ, ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది. 2025లో ఆ ఒక్క పరుగుతో అన్ని రకాల సేవాసంస్థలకూ కలిపి చేరింది ఎనిమిది కోట్ల పౌండ్లు దాటింది. దొడ్డిదారైనా ఇంటికే చేరిస్తే నేను నోరు మూసుకుంటాను.

నా నోరు తెరిపించేది మన ఊళ్ళో జరిగే రెండో రకం. దాని పేరు అవగాహన పరుగు. ఐదు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు, చంటిపిల్లలకు ఒక కిలోమీటరు. రిజిస్ట్రేషన్ రుసుం కడితే టీషర్టు, పతకం, సంచి, ఇడ్లీ, డిజిటల్ సర్టిఫికెట్. వేదిక మీద డీజే, ముందు జుంబా. జెండా ఊపడానికి రావలసిన హీరోయిన్ ఆలస్యమైతే అందరూ ఉన్నచోటే గెంతుతుంటారు. పెద్దలకోసం పరుగును సాగదీయడం మనవాళ్ళే కనిపెట్టారనుకోకండి. మారథాన్‌కు 42 కిలోమీటర్ల మీద ఆ తోక, 195 మీటర్లు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో తగులుకుంది. విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాచకుటుంబం కూర్చున్నచోట ముగియాలని కొలిచిన దూరం అది.

మరి డబ్బు? ఆ మధ్య అలాంటి ఒక పరుగు నిర్వాహకుడిని పట్టుకుని అడిగాను. రుసుంలో క్యాన్సర్‌కు ఎంత పోతుందండీ? ఆయన నవ్వారు. "రుసుం ఖర్చులకే సరిపోదు సార్. టీషర్టు, పతకం, వేదిక, అంబులెన్సు, పోలీసు బందోబస్తు. స్పాన్సర్లు లేకపోతే మునిగిపోతాం." మరి స్పాన్సర్ల డబ్బు? "అది బ్రాండింగ్ సార్." మరి క్యాన్సర్‌కి? "అవగాహన!" లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలకు చెప్పింది. టీషర్టు మీద తమ బొమ్మ వేయించి జనంతో మోయించడం కూడా సమాజసేవే అని వాళ్ళు నమ్ముతారేమో, ఆ లెక్క నాకు తెగదు. ఒకటి మాత్రం తెలుసు. టీషర్టూ ఇడ్లీ పుచ్చుకుని కట్టిన రుసుం, పన్ను రాయితీ దగ్గర విరాళం కిందికి రాదు. విరాళానికీ కొనుగోలుకీ తేడా ఆదాయపు పన్ను శాఖకు తెలుసు, మనకే తెలియదు.

సరే, అవగాహనే అనుకుందాం. ఎవరికి? నెక్లెస్ రోడ్డు మీద ఉదయం ఐదున్నరకి గులాబీ టీషర్టు వేసుకుని నిలబడ్డ మనిషికి క్యాన్సరనే జబ్బు ఒకటుందని ఇప్పటికే తెలుసు, ఏడాదికోసారి పరీక్ష చేయించుకునే బీమా కూడా ఉంది. తెలియాల్సిన వాళ్ళు వేరేచోట ఉన్నారు. శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. ఆ వేడికీ పొగకీ అంగిలి కాలి, మచ్చలు లేచి, కొందరికి అక్కడే క్యాన్సర్ వస్తుంది. ఇది లోకానికి ఎలా తెలిసిందంటే, డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే దంతవైద్య పరిశోధకుడూ, బొంబాయి నుంచి మరికొందరూ ఆ జిల్లా పల్లెలకు వచ్చి, 10,169 మందిని నోళ్ళు తెరిపించి అంగిళ్ళు పరీక్షించారు. 1971లో ఆ ఫలితాలు అచ్చేశారు. పదివేల నోళ్ళు! ఒక్కో నోట్లోకీ వంగి చూడాలి, రాసుకోవాలి, తర్వాతి మనిషిని పిలవాలి. వాళ్ళకు ముగింపు గీత దగ్గర అరటిపండు ఇచ్చినవాడెవడూ లేడు. క్యాన్సర్ పరిశోధన కోసం కాళ్ళు వాడాలనుకుంటే వాడాల్సిన తీరు అది. మన అవగాహన మాత్రం ఐమాక్స్ దగ్గర బయల్దేరి సంజీవయ్య పార్కు దగ్గర వెనక్కి తిరుగుతుంది. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే అక్కడికి నడిచివెళ్ళేంత దూరంలోనే రెడ్‌హిల్స్‌లో ఉంది. జిల్లాల నుంచి రిపోర్టుల సంచీలతో వచ్చినవాళ్ళు అక్కడుంటారు. పరుగు దారి అటు వెళ్ళదు. ట్రాఫిక్ ఎక్కువట.

ఇలా అన్నానో లేదో టెర్రీ ఫాక్స్ ఫొటో తెచ్చి మొహాన పెడతారు. పెట్టండి, నాకూ కావాలి ఆ ఫొటో. కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్‌లో కృత్రిమ కాలితో అట్లాంటిక్ ఒడ్డున మొదలుపెట్టి, దాదాపు రోజుకో మారథాన్ చొప్పున 143 రోజుల్లో 5373 కిలోమీటర్లు పరిగెత్తాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో థండర్ బే దగ్గర ఆగాడు. మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు, ఇరవై రెండేళ్ళకి. కెనడాలో ప్రతి మనిషి తలా ఒక డాలరు పరిశోధనకివ్వాలని అతని కోరిక. దారిలో వ్యాపార ప్రకటనలకు పేరు వాడుకుంటామని వచ్చినవాళ్ళను కాదన్నాడు. ఇప్పటికీ అతని పేరిట జరిగే పరుగులో ప్రవేశ రుసుం లేదు, ఇంత తేవాలన్న షరతు లేదు, పోటీ లేదు, కంపెనీల బొమ్మలు లేవు. మనవాళ్ళు ఆ పరుగులో నుంచి పరుగు ఒక్కటే తీసుకున్నారు. పన్నెండు కంపెనీల బొమ్మల మధ్య అతని మొహం ఇరికించి బ్యానరు కట్టారు.

అడగడమే తప్పని నేననడం లేదు. నాటకీయంగా అడగడం కూడా తప్పు కాదు. పిల్లల రక్తక్యాన్సర్‌కు మొదటిసారి మందుతో ఊరట చూపిన బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ 1948లో ఒక పేషెంటు కుర్రాడికి జిమ్మీ అని మారుపేరు పెట్టి రేడియోలో బేస్‌బాల్ ఆటగాళ్ళతో మాట్లాడించాడు. కుర్రాడు ఆట చూడటానికి టీవీ కావాలన్నాడు. ఇరవై వేల డాలర్లు వస్తే టీవీ ఇస్తామన్నారు. ఆ ఏడాది వచ్చింది 2 లక్షల 31 వేలు. కుర్రాడికి టీవీ వచ్చింది, పరిశోధనకు డబ్బొచ్చింది. ఎవరూ పరిగెత్తలేదు, ఆటగాళ్ళు కూడా మంచం పక్కనే నిలబడ్డారు.

ఫార్బర్ ఆ పిల్లలకిచ్చిన మందు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ ప్రయోగశాలను నడిపిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి. అమైనోప్టెరిన్, దాని వెనకే మెథోట్రెక్సేట్. ఈ రెండోదాన్ని ఇప్పటికీ రోజూ వాడుతున్నారు. ఆయన బోస్టన్ చేరాడంటే మామగారి సాయంతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఆసరా ఉంది. అప్పటి ఆ దాతలు కిలోమీటరుకింత అని లెక్కకట్టలేదు. ఒక కుర్రాడు చదువుకుంటానన్నాడు, ఇచ్చారు. ఆ డబ్బు తిరిగి తిరిగి ఏ పసిపిల్లల ఒంట్లోకి చేరిందో వాళ్ళకు తెలిసే దారి కూడా లేదు. సుబ్బారావు 1948 ఆగస్టులో పోయాడు. తన పేరు చెప్పుకోవడమంటే ఆయనకు మహా మొహమాటం. ఈ రోజుల్లో పుట్టి ఉంటే నిధుల సేకరణకు పనికిరాని మనిషని పక్కన పెట్టేవాళ్ళు.

పరిశోధనకు చందాల డబ్బు ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పనివ్వండి. పన్ను పీకేముందు పొడిచే మత్తుమందు లిగ్నోకెయిన్ మీకు తెలుసు. రొమ్ము క్యాన్సర్ గడ్డ తీసే ఆపరేషనుకు కొద్ది నిమిషాల ముందు దాన్ని గడ్డ చుట్టూ ఎక్కిస్తే ఏమవుతుందని ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు దేశంలోని 11 కేంద్రాల్లో పరీక్షించారు. 1583 మంది ఆడవాళ్ళ వివరాలు లెక్కించి 2022లో ఫలితం చెప్పారు. ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు సూది లేని జట్టులో 86.4 శాతం, సూది వేసిన జట్టులో 90.1 శాతం. కారుచౌక మందు. పేటెంటు ఎప్పుడో చెల్లిపోయింది. దీనిమీద ప్రయోగం చేసి ఏ మందుల కంపెనీ బాగుపడుతుంది? ఇలాంటి పనికే జనం డబ్బు కావాలి. కానీ ఇందులో ముగింపు గీత లేదు. ఐదేళ్ళు ఫోన్లు చేసి, "అమ్మా, బాగున్నారా, పరీక్షకు రండి" అని అడుగుతూ కూర్చునే గుమాస్తాలు, నర్సులు, గణాంకాలు కట్టేవాళ్ళు ఉన్నారు. నర్సు జీతం కోసం పరిగెడుతున్నానని లింకు పంపినవాణ్ణి నేనింకా చూడలేదు.

పరుగు మంచిది కాదా అంటే, బంగారంలాంటిది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషను, కీమో అయ్యాక మూడేళ్ళపాటు పద్ధతిగా వ్యాయామం చేసినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 889 మంది మీద చేసిన ప్రయోగం 2025లో తేల్చింది. అందుకే కుర్రాళ్ళను పరిగెత్తమనే అంటాను. తమ గుండెకోసం, తమ నడుముకోసం, బిర్యానీ అరగడం కోసం. అందులో సిగ్గుపడాల్సింది లేదు, మధ్యలో రోగులను అడ్డం పెట్టుకోవాల్సిన పనీ లేదు.

నిర్వాహకుడిగారికి మాత్రం ఒక చిన్న మనవి చేసుకున్నాను. టీషర్టు వీపు మీద నాలుగు వరుసలు అచ్చువేయించండి: ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, ఏ ఆసుపత్రిలో ఏ పనికి ఇచ్చారు. వెనక పరిగెత్తేవాడు ఎలాగూ ముందువాడి వీపే చూస్తాడు, అంతకంటే మంచి అవగాహన ఏముంటుంది? ఆయన డైరీ తీసి చూసి, నిజంగానే నొచ్చుకున్నారు. "మంచి ఐడియా సార్. కానీ వీపు ఈ ఏడాదికి ఒక ప్రోటీన్ పౌడర్ వాళ్ళకి ఇచ్చేశాం. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది, ఏమైనా తగ్గించి ఇమ్మంటారా?"