లాప్‌టాపీయం: టీకా తాత్పర్య సహితం

మూలం

వైఫై 6, 802.11 ఏఎక్స్, 2×2, 160 మెగాహెర్ట్జ్, బ్లూటూత్ 5.2, వేగం 2.4 జీబీపీఎస్ వరకు.

అవతారిక

గౌతమ బుద్ధనగర్ జిల్లాలో గ్రేటర్ నోయిడా అనే ఊరుంది. 1991లో పుట్టింది. వీధులకు పెద్దల పేర్లు పెట్టేంత వయసు రాలేదు కాబోలు, సెక్టార్లకు గ్రీకు అక్షరాలు తగిలించారు. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. మేముండేది ఒమిక్రాన్‌లో. నలభై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి, కొడుకు దగ్గరికి వచ్చి పడ్డ నాకు ఇక్కడ విడమరచడానికి ఒక్క పద్యం దొరకలేదు. ఇంతలో మనవరాలు నాలెడ్జ్ పార్కులో కాలేజీలో చేరింది. దానికి లాప్‌టాప్ కొందామని జగత్ ఫార్మ్ బజారుకి పోతే, కొట్టు కుర్రాడు పెట్టె తిప్పి పై వాక్యం మీద వేలు పెట్టాడు. “సబ్ కుఛ్ లిఖా హై, అంకుల్” అన్నాడు. అన్నీ రాసే ఉన్నాయట. భారవి కావ్యంలోనూ అన్నీ రాసే ఉన్నాయి నాయనా, చదివినవాడికి ఏం తెలిసింది?

“దీని అర్థమేమిటి తాతయ్యా?” అంది పిల్ల. ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగి ఎనిమిదేళ్లయింది.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడాయన. ఇందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

ప్రతిపదార్థం

వైఫై = వైఫై అను పేరు గలదియు; 6 = ఆరవ తరమునకు చెందినదియు; 802.11 ఏఎక్స్ = ఆ గుర్తుగల ప్రమాణమును పాటించునదియు; 2×2 = పంపుటకు రెండు, అందుకొనుటకు రెండు ధారలు గలదియు; 160 మెగాహెర్ట్జ్ = అంత వెడల్పైన బాటను పట్టగలదియు; బ్లూటూత్ 5.2 = నీలదంతుని పేరిటి సాధనముతో కూడినదియు అగు ఈ లాప్‌టాప్; 2.4 జీబీపీఎస్ = సెకనుకు రెండువందల నలభై కోట్ల బిట్ల; వరకు = వరకు; వేగం = వేగమును; పొందును అని అన్వయం.

“పొందును” అన్న క్రియ మూలంలో లేదు, అధ్యాహారం. కొన్నవాడే ఇంటినుంచి తెచ్చుకోవాలి.

వ్యాఖ్య

వైఫై అంటే వైర్‌లెస్ ఫిడెలిటీకి పొట్టి రూపమని చాలామంది అంటారు. తప్పు. 1999లో ఇంటర్‌బ్రాండ్ అనే పేర్లు పెట్టే కంపెనీ హైఫై అన్న మాటకి ప్రాసగా ఈ మాట కట్టింది. కాబట్టి ఇది రూఢి పదం, యౌగికం కాదు. విడగొట్టి అర్థం వెతికేవాడు ఉల్లిపాయ ఒలిచినట్టే.

ఆరు అన్నది తరం లెక్క. 2009లో వచ్చిన ఎన్, 2013లో వచ్చిన ఏసీ అంటూ అక్షరాలతో జనం తికమక పడుతుంటే, వైఫై అలయన్స్ 2018 అక్టోబరులో ఎన్‌ని నాలుగనీ, ఏసీని అయిదనీ, ఏఎక్స్‌ని ఆరనీ పిలవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడులకు అధికారికంగా నామకరణమే జరగలేదు. రిటైరైనవాళ్లకి ఇప్పుడు బారసాల ఏమిటనుకున్నారేమో.

802 సంగతి. ఈ ప్రమాణాలు రాసే సంఘం 1980 ఫిబ్రవరిలో మొదలైంది గనక 80, 2 కలిపారని ఒక వ్యుత్పత్తి. కాదు, వరుసలో ఖాళీగా ఉన్న అంకె అదేనని ఇంకో పక్షం. 11 అంటే అందులో తీగలేని జాలం చూసే బృందం. ఇక ఏఎక్స్: అక్షరమాల ఇంగ్లీషు జెడ్ దాకా ఒక చుట్టు తిరిగి, మళ్లీ ఏఏ, ఏబీ అని మొదలై అక్కడికొచ్చింది. బండ్ల నంబర్లలో సిరీస్ మారినట్టు. బండ్లంటే గుర్తొచ్చింది, ఇక్కడివాటికి యూపీ 16. ఒకప్పుడు మా కృష్ణా జిల్లా ఏపీ 16. కొత్తలో పరిచౌక్ దగ్గర ఆటో వెనకాల ఆ పదహారు చూసి, ముందున్న అక్షరాలు చదవకుండానే ప్రాణం లేచివచ్చింది. మల్లినాథసూరి క్షమించుగాక.

2×2. పూర్వపక్షం: రెండు రెళ్లు నాలుగు, కాబట్టి నాలుగు యాంటెన్నాలు. ఇది కొట్టు కుర్రాడి మతం. సిద్ధాంతం: అది గుణకారం కాదు. లాప్‌టాప్ తెర అంచు చుట్టూ రెండు యాంటెన్నాలు దాగి ఉంటాయి. వాటినుంచి రెండు సన్నని తీగలు మడతబందు గుండా దిగి లోపలి కార్డుకి తగులుతాయి. పంపడానికీ ఆ రెండే, అందుకోవడానికీ ఆ రెండే. మూలమంతటిలోనూ డబ్బు పెట్టదగ్గ పదమిదే. కొన్ని చవక లాప్‌టాప్‌లలో ఇది 1×1 అయి ఉంటుంది, చాలాసార్లు అసలు రాసే ఉండదు. రాయలేదంటే ఒకటేనని ఊహించుకోవడం క్షేమం.

బ్లూటూత్‌లో బహువ్రీహి ఉంది. నీలమైన దంతము కలవాడు ఎవడో వాడు నీలదంతుడు. పదో శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్ బిరుదది. డేన్ల తెగల్ని ఒక్కటి చేశాడు గనక, పరికరాల్ని కలిపే దీనికి ఆ పేరు పెడదామని 1997లో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ అన్నాడు. ఆ గుర్తులో కనిపించేవి రాజుగారి పొడి అక్షరాలే, పాత రూన్ లిపిలో. ఈ రాజూ వైఫై పాత బాటా ఒకే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో కాపురం. చెవి యంత్రం పాటని మింగి మింగి పలుకుతోందంటే సవతుల పోరు జరుగుతోందన్నమాట.

శ్లేష కూడా ఉంది. పెట్టె మీద ఈటీఏ అని ఉంటుంది. రేడియో పరికరం అమ్మడానికి ఢిల్లీలోని వైర్‌లెస్ విభాగం ఇచ్చే అనుమతి అది. మా ఊళ్లో ఈటా అనే సెక్టారుంది. ఇంగ్లీషులో రెంటికీ అవే మూడక్షరాలు. సర్కారు ప్రస్తావన వచ్చింది గనక: 2.4 పట్టీకి మన దేశంలో 2005లో లైసెన్సు బాధ తప్పింది. 5 గిగాహెర్ట్జ్‌లో నాలుగు పట్టీలు కలిపి 605 మెగాహెర్ట్జ్ 2018 అక్టోబరులో అందరికీ తెరిచారు. ఆ 605లో 160 వెడల్పు బాటలు రెండే పడతాయి. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడి చూస్తే నా ఫోనులో ముప్పై పైచిలుకు వైఫై పేర్లు. రెండు బాటలు, ముప్పై బళ్లు.

ఇప్పుడు వరకు. ఈ పదానికే నేనీ వ్యాఖ్యకు పూనుకున్నాను. హద్దు చెప్పేటప్పుడు వ్యాకరణవేత్తలు రెండు రకాలు చూపిస్తారు. హద్దు తనలో కలిస్తే అభివిధి, కలవకపోతే మర్యాద. “బెజవాడ వరకు వాన” అంటే బెజవాడ తడిసిందా, ఊరవతలే ఆగిందా? పెట్టె మీది వరకు నూటికి నూరుపాళ్లూ మర్యాదే. వేగం అంతదాకా పోయి గడప బయట నిలబడుతుంది, లోపలికి రాదు.

ఆ 2.4 అబద్ధమా అంటే కాదు, లెక్కే. 160 వెడల్పు బాటలో ఒక్కో ధారకు సెకనుకు 1201 మెగాబిట్లు, రెండు ధారలకు 2402. అయితే రూటరుకీ అంత వెడల్పు ఉండాలి. అది 80 దగ్గర ఆగితే ఇదీ సగానికి, 1201కి పడుతుంది. పైగా మాటామంతీ ఒకే బాట మీద వంతులవారీగా సాగుతుంది, ఒకరు పలికేటప్పుడు మరొకరు నోరు మూసుకోవాలి. మా ఇంటికి వచ్చే కనెక్షనే 100 మెగాబిట్లు. మీమాంసకులు విధి వేరు, అర్థవాదం వేరు అంటారు. అర్థవాదం పొగడ్త, చేయించడానికి చెప్పేది, కొలవడానికి కాదు. 2402 అర్థవాదం. కొనుము అన్నది విధి.

విశేషం

2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, ఒకటిన్నర బెత్తెడు. 5ది మూడు వేళ్ల మందం. పొట్టిదాని పట్టీలో వేగం ఎక్కువ, గోడ దాటే సత్తువ తక్కువ. మా అపార్టుమెంటులో గోడలు ఇటుకవి కావు, ఇనప చువ్వలు పెట్టి పోసిన కాంక్రీటు. మా రూటరేమో కనెక్షను కుర్రాడు తీగ ఆదా చేసి బిగించిన చోట, ముందుగది మూల, ఇనప బీరువా వెనక ఉండేది. మనవరాలి గదికి రెండు గోడలూ ఒక బీరువా అడ్డం. దాని పాత లాప్‌టాప్‌లో నిమిషానికోసారి సుడి తిరుగుతుంటే లాప్‌టాప్‌ని తిట్టాం, కంపెనీని తిట్టాం, చివరికి పిల్లనీ తిట్టాం.

తాత్పర్యం

లాప్‌టాప్ ఎంత నోరున్నదైనా అవతల వినే చెవి ఉండాలి, మధ్య గోడ ఒప్పుకోవాలి. పెట్టె మీది వాక్యం మొదటిదాన్ని మాత్రమే వర్ణిస్తోంది అని భావం.

2×2 ఉన్నదే కొన్నాం. 160 కోసం అదనంగా అడిగిన నాలుగు వేలూ ఇవ్వలేదు. ఇంటికొచ్చి పెట్టె విప్పకముందే మావాడు స్టూలెక్కి రూటరుని ఊడదీసి హాలు మధ్యకి తెచ్చాడు. పాత లాప్‌టాప్‌లో తొమ్మిది మెగాబిట్లు చూపించే చోట డెబ్బై చూపించింది. కొత్తది అప్పటికింకా పెట్టెలోనే ఉంది, బిల్లు మాత్రం అయిపోయింది.